తాకని వైద్యం ఎవరి కోసం?

1929. కాఠియావాడ్‌లో ఒక దళిత బడిపంతులు భార్య కాన్పయింది. రెండు రోజులకే ఆమెకు జబ్బు చేసింది. విరేచనాలు పట్టుకున్నాయి, ఎద వాచింది, ఊపిరి ఆడలేదు, పక్కటెముకల్లో నొప్పి. పంతులు డాక్టరు దగ్గరికి ఉరికాడు. హరిజనుల ఇంటికి రానన్నాడు డాక్టరు. పంతులు ఊరి పెద్దలను బతిమిలాడుకున్నాడు. రెండు రూపాయల ఫీజుకు ఊరి శేటు జామీను ఉంటే అప్పుడు డాక్టరు కదిలాడు. అదీ ఒక షరతు మీద. ఆయన వాడలోకి రాడట, బాలింతనే వాడ బయటికి మోసుకు రావాలట. పసిగుడ్డుతో సహా తీసుకొచ్చారు. డాక్టరు థర్మామీటరు తీసి ఒక ముస్లిం చేతికిచ్చాడు. ఆయన పంతులుకిచ్చాడు. పంతులు భార్యకు పెట్టి చూశాడు. మళ్ళీ అదే వరుసలో అది వెనక్కి పోయింది. రాత్రి ఎనిమిది గంటల వేళ దీపం వెలుగులో థర్మామీటరు చూసి న్యుమోనియా అని చెప్పి డాక్టరు వెళ్ళిపోయాడు. మందు పంపించాడు. తర్వాత వచ్చి చూడమంటే రాలేదు. ఆమె చనిపోయింది.

ఆ పంతులు రాసుకున్న ఉత్తరం 1929 డిసెంబరు 12న 'యంగ్ ఇండియా'లో అచ్చయింది. బాబాసాహెబ్ అంబేద్కర్ దాన్ని తన 'వెయిటింగ్ ఫర్ ఎ వీసా'లో ఎక్కించాడు.

ఆ డాక్టరు జబ్బు పేరు చెప్పాడు. మందు కూడా పంపాడు. ఇవ్వాళ్టి సర్కారు లెక్కల్లో అయితే దాని పేరు 'ఒక కన్సల్టేషన్ పూర్తి'. పోర్టల్‌లో ఒక అంకె పెరుగుతుంది. ఆ తల్లి బతికిందా సచ్చిందా అనే గడి ఆ పోర్టల్‌లో కనబడదు.

అన్నలారా, అక్కలారా, మన ఊర్లకు వచ్చిన ఫోను వైద్యం గురించి మాట్లాడుకుందాం. దీన్ని టెలిమెడిసిన్ అంటున్నారు, టెలిహెల్త్ అంటున్నారు. మన తెలుగు నేలకు ఇది కొత్త కాదు. 2000 సంవత్సరంలోనే చిత్తూరు జిల్లా అరగొండలో అపోలోవాళ్ళు శాటిలైట్ తీగతో మొదలుపెట్టారు. అది అపోలో ఆసుపత్రుల అధిపతి సొంతూరు. అమెరికా అధ్యక్షుడు క్లింటన్ హైదరాబాదు వచ్చినప్పుడు దాన్ని మెచ్చుకున్నాడు. తర్వాత 2007లో 104 నంబరు వచ్చింది, ఫోను చేస్తే సలహా చెప్పేవారు. ఆ వెనుకే 104 బండ్లు వచ్చాయి. నెలకొకసారి ఊరికి వచ్చి బీపీ, షుగరు గోలీలు ఇచ్చిపోయేవి. బండి వచ్చిన రోజు ముసలోళ్ళందరూ చెట్టు కింద వరుస కట్టేది మీకు యాదికుండే ఉంటది. తెలంగాణలో ఆ బండ్లను ఎత్తేసిండ్రు, పల్లె దవాఖానలు వస్తున్నాయి గదా అన్నారు.

2019లో కేంద్ర ప్రభుత్వం ఈ-సంజీవని పెట్టింది. కరోనా వచ్చినప్పుడు, 2020 మార్చి 25న, డాక్టర్లు ఫోనులో, వీడియోలో వైద్యం చేయవచ్చునని దేశమంతటికీ నియమాలు వేశారు. పద్ధతి ఏమిటంటే, ఊరి ఉపకేంద్రంలోనో పల్లె దవాఖానలోనో నర్సమ్మ ట్యాబు పట్టుకొని కూర్చుంటుంది. అవతల పెద్ద దవాఖానలోనో మెడికల్ కాలేజీలోనో డాక్టరు కూర్చుంటాడు. నడుమ రోగి. 2023 ఫిబ్రవరి నాటికి దేశంలో ఇలాంటి సంప్రదింపులు 10 కోట్లు దాటినాయని ప్రభుత్వం చెప్పుకున్నది. అందులో ఆడవాళ్ళు సగానికి మించి ఉన్నారు. అందరికంటే ముందు ఆంధ్రప్రదేశ్. పది కోట్లు! వినడానికి ఎంత బాగున్నది.

మా అమ్మ ఆ కోట్లలో ఒకతి. ఆమె సంగతి చెప్తా. ఊరి పేరు, దవాఖాన పేరు రాయను. ఆ నర్సమ్మ మీద నాకు కోపం లేదు, ఆమె కాంట్రాక్టు నౌకరి పోవద్దు. తొర్రూరు చుట్టుపక్కల ఊరు అనుకోండి, చాలు.

అమ్మకు అరవై దాటినయి. నలభై ఏండ్లు దొరల పొలాల్లో, తర్వాత ఇంకొకరి పొలాల్లో నాట్లేసిన కాళ్ళు. షుగరు ఉన్నది. కుడి కాలి బొటనవేలు పక్కన పుండయింది. నొప్పి లేదన్నది. నొప్పి తెలవకపోవుడే ప్రమాదమని మాకేం ఎరుక? పల్లె దవాఖానకు పోతే నర్సమ్మ లైను కలిపింది. మూడుసార్లు సిగ్నలు పోయింది. నాలుగోసారి తెర మీద ఒక డాక్టరమ్మ కనబడ్డది. 'పాదం చూపించండి' అన్నది. నర్సమ్మ ట్యాబును కాలికాడికి వంచింది. వాకిట్ల ఎండకు ఏమీ కనబడతలేదు. 'నొప్పి ఉందా అమ్మా?' 'లేదు బిడ్డా.' గోలీలు రాసింది, పూత మందు రాసింది. మొత్తం మూడు నిమిషాలు కాలే. రాసిన వాటిలో రెండు రకాలు అక్కడ లేవు. తొర్రూరుకు పోయి మెడికల్ షాపుల కొన్నం.

మూడో వారానికి వేలు నల్లబడ్డది. వరంగల్‌కు తీసుకపోయినం. అక్కడి సర్జన్ చేసిన మొదటి పని ఏందో చెప్తా. అమ్మ పాదం రెండు చేతుల్లోకి తీసుకొని, పైభాగాన వేళ్ళు పెట్టి నాడి చూసిండు. తర్వాత సన్నటి దారం లాంటిది అరికాలికి ఆనించి 'తెలుస్తున్నదా' అని అడిగిండు. తెలుస్తలేదన్నది. ఇంకోచోట ఆనించిండు. అక్కడా తెలుస్తలేదు. 'ఇన్ని రోజులు ఎవరూ చెయ్యి పెట్టి చూడలేదా?' అని నా మొఖం చూసిండు. నేనేం చెప్పాలె? చూసిండ్రు సార్, తెర మీద చూసిండ్రు అన్న. రెండు వేళ్ళు తీసేసిండ్రు.

ఆ పరీక్షకు పెద్ద మిషన్లు అక్కర్లేదు. రెండు నిమిషాలు, ఒక చెయ్యి, నేర్చుకున్న వేళ్ళు చాలు. తెర డాక్టరమ్మ చెడ్డది కాదు. ఆమె 'అమ్మా' అని పిలిచింది, 'మీరు' అన్నది. మా వాడ ముసలామెను డాక్టరు 'మీరు' అనుడు అమ్మకు కొత్త. ఆ ముచ్చట వాడంతా చెప్పుకున్నది కూడా. కానీ నాడి చూసే వేళ్ళు ఆమెకు తెరలోంచి బయటికి రావు గదా.

ఇక రెండో ముచ్చట కూడా చెప్పాలె, చెప్పకుంటే అబద్ధమవుతది. ఆపరేషన్ అయినంక ప్రతి పది రోజులకు వరంగల్ రమ్మన్నరు. యాభై కిలోమీటర్లకు పైనే. అమ్మకు బస్సు ఫ్రీనే, 2023 డిసెంబరు నుంచి ఆడవాళ్ళకు టికెట్ లేదు. తోడు పోయే నాకు టికెట్ ఉన్నది, రోజు కూలి పోవుడు ఉన్నది. అప్పుడు అదే నర్సమ్మ, అదే ట్యాబు మమ్మల్ని ఆదుకున్నయి. ఆమె కట్టు మార్చి, పుండు ఫోటో తీసి, షుగరు చూసి లైను కలిపేది. అవతల డాక్టరు గోలీల మోతాదు మార్చేవాడు. నాలుగు ప్రయాణాలు తప్పినయి. పుండు మానింది.

మరి మొదటిసారికి, తర్వాతికి తేడా ఏమిటి? తర్వాతిసారి ఫోను రాకముందే ఒక చెయ్యి తాకింది. జబ్బు ఏమిటో తేలింది. ఏం చూడాలో నర్సమ్మకు తెలిసింది. అప్పుడు ఫోను పనికొచ్చింది. మొదలు చెయ్యి, తర్వాత ఫోను. ఈ ఒక్క మాట మీద నిలబడి ఈ వ్యాసం రాస్తున్నాను.

సర్కారు చేస్తున్నది దీనికి తలకిందులు. చెయ్యి లేని చోట ఫోను పెడుతున్నది. డాక్టరు పోస్టు ఖాళీగా ఉన్న చోట ట్యాబు పెట్టి, ఖాళీ నిండిందని లెక్క రాసుకుంటున్నది. కేంద్ర ప్రభుత్వమే అచ్చేసిన 2021-22 గ్రామీణ ఆరోగ్య గణాంకాలు చూడండి. పల్లె ప్రాంతాల సామాజిక ఆరోగ్య కేంద్రాల్లో ఉండవలసిన స్పెషలిస్టుల్లో దాదాపు 80 శాతం కొరత. సర్జన్, కాన్పుల డాక్టరు, పిల్లల డాక్టరు, జనరల్ ఫిజీషియన్, నలుగురు ఉండాలన్న చోట ఒక్కరు కూడా ఉంటే ఉన్నట్టు, లేకుంటే లేనట్టు. ఈ కొరత తీర్చడానికి జీతాలివ్వాలి, క్వార్టర్లు కట్టాలి, పరికరాలు కొనాలి. ట్యాబుకు అంత ఖర్చు లేదు. అందుకే ఈ ప్రేమ.

'మీరు సైన్సుకు అడ్డం పడుతున్నారు' అని కొందరు మేధావులు అంటారు. సైన్సును ఆపమని దళితులు ఎప్పుడు అడిగారు? అరక పట్టినోడు ట్రాక్టరును వద్దనలేదు. మేము అడిగేది ఒక్కటే: ఈ సైన్సు దొర ఇంట్లో ఎట్లా ఉన్నది, మా వాడలో ఎట్లా ఉన్నది? హైదరాబాదులో ఉన్నవాడు కూడా ఫోనులో డాక్టరుతో మాట్లాడతాడు. తెర మీద తేలకపోతే కారెక్కి అరగంటలో కార్పొరేట్ ఆసుపత్రిలో ఉంటాడు. వాడికి ఫోను ఒక తలుపు, ఇంకా నాలుగు తలుపులున్నాయి. మాకు ఉన్నది అదొక్క తలుపే, అదీ సిగ్నలు ఉంటే.

ఇంకో వాదం మన లోపలి నుంచే వస్తున్నది. చదువుకున్న తమ్ముడొకడు అన్నాడు, 'అన్నా, తెర మీద కులం కనబడదు, మనకు మంచిదే గదా.' ఆలోచించవలసిన మాటే. మా అమ్మను 'మీరు' అన్న డాక్టరమ్మను తలుచుకుంటే అది నిజమే అనిపిస్తది. 2006లో 'అన్‌టచబిలిటీ ఇన్ రూరల్ ఇండియా' అనే పుస్తకం వచ్చింది. 11 రాష్ట్రాల్లో 565 ఊర్లు తిరిగి రాసింది. అందులో ప్రతి మూడు ఊర్లలో ఒక ఊర్లో ఆరోగ్య కార్యకర్తలు దళితుల ఇండ్లకు పోవడం లేదని తేలింది. ఇటువంటి దేశంలో తెర వెనుక నుంచి అయినా ఒక డాక్టరు పలకడం చిన్న విషయం కాదు, ఒప్పుకుంటా.

కానీ తమ్ముడా, తెర దాకా పోయేదెట్లా? ఉపకేంద్రం ఊరి నడిబొడ్డున ఉంటది, వాడ ఊరి చివర ఉంటది. ట్యాబు ఎవరి చేతిలో ఉంటదో, వరుసలో ముందు ఎవరు నిలబడతారో ఆ ఊరి కులమే తేలుస్తది. ఇంట్లో కూర్చొని మాట్లాడుకోవచ్చు అంటారా? 2019-21 జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వే ప్రకారం తెలంగాణలో ఎప్పుడైనా ఇంటర్నెట్ వాడినామన్న ఆడవాళ్ళు 26.5 శాతమే, మగవాళ్ళు 57.4. మా వాడ ఆడవాళ్ళ లెక్క వేరే తీస్తే ఎంతుంటదో మీరే ఊహించుకోండి. ఫోను ఉంటే కొడుకు జేబులో ఉంటది, కొడుకు పనికి పోతే ఫోనూ పోతది. ఇక థర్మామీటరుకు కులం ఉన్నదా? 1929లో కూడా థర్మామీటరు పాపం ఏమీ చేయలేదు. అది చేతులు మారిన వరుసలో ఉన్నది కులం.

ఆడవాళ్ళ బాధ ఇంకొకటి, దీని గురించి మగ కార్యకర్తలు మాట్లాడరు, సిగ్గుపడతారు. తెల్లబట్ట అవుతున్నదని, గర్భసంచి జారిందని, కడుపుల ఉడుకు అని వాకిట్లో పది మంది నడుమ ట్యాబుకు చెప్పుకోవాలట. పక్కన పాలోళ్ళు ఉంటరు, పటేలు ఇంటి పనిమనిషి ఉంటది. మా చిన్నమ్మ పోయి 'తలనొస్తున్నది' అని చెప్పి గోలీలు తెచ్చుకున్నది. అసలు జబ్బు తొర్రూరు ఆర్‌ఎంపీకి చెప్పుకున్నది, ఆయన పరదా వేస్తడు కనుక.

ఆర్‌ఎంపీ అంటే యాదికొచ్చింది. 2020 నాటి ఆ కేంద్ర నియమాల్లో ప్రతి పేజీలో 'ఆర్‌ఎంపీ' అని ఉంటది. అక్కడ దాని అర్థం రిజిస్టరైన పట్టా డాక్టరు. మన దగ్గర ఆర్‌ఎంపీ అంటే సంచి తగిలించుకొని బండి మీద వచ్చి సూది వేసే ఆయన. ఢిల్లీ వాళ్ళు ఒక్కసారి మా ఊరికి వచ్చి 'ఆర్‌ఎంపీని పిలవండి' అంటే ఎవరు వస్తారో చూడాలని ఉన్నది. నవ్వులాట పక్కన పెడితే, రాత్రి రెండు గంటలకు తలుపు కొడితే వచ్చేది ఆయనే. చెయ్యి పట్టి చూసేదీ ఆయనే. తెలిసీ తెలియక స్టెరాయిడ్లు, గ్లూకోజు ఎక్కిస్తడు, అప్పు పెడతడు, అయినా జనం ఆయన దగ్గరికే పోతున్నారు. ఎందుకు? ఆయన తాకుతడు. ఈ సంగతి టెలిహెల్త్ విధానం రాసినవాళ్ళకు అర్థం కాలేదు.

తాకడం అంటే మనకు మామూలు మాట కాదు. 1897లో పుణె దగ్గర ప్లేగు వచ్చినప్పుడు, ముంధ్వా ఊరి బయట మహర్ల వాడలో ఒక పిల్లవానికి జబ్బు చేస్తే సావిత్రిబాయి ఫూలే వాణ్ణి తన వీపు మీద మోసుకొని కొడుకు యశ్వంత్ నడిపే దవాఖానకు తెచ్చింది. ఆ ప్లేగే అంటుకొని మార్చి 10న ఆమె కన్నుమూసింది. అరవై ఆరేండ్ల మనిషి. మనకు వైద్యం అంటే అక్కడినుంచి మొదలవుతది.

ఇక ఈ ట్యాబు బరువు మోసేది ఎవరు? ఆశా అక్క, ఏఎన్‌ఎం, పల్లె దవాఖాన నర్సమ్మ. ఎక్కువమంది మన ఇండ్ల ఆడవాళ్ళే, మన పక్క బీసీ, లంబాడీ ఇండ్ల ఆడవాళ్ళే. రోగిని పిలుచుకొచ్చేది వాళ్ళు, సిగ్నలు కోసం మేడ ఎక్కేది వాళ్ళు, డాక్టరు లైనులోకి రాకపోతే తిట్లు తినేది వాళ్ళు. రోజుకు ఇన్ని కాల్స్ చూపాలని పైనుంచి ఫోన్లు వస్తయని ఒక అక్క నాతో చెప్పుకొని ఏడ్చింది. తెలంగాణలో ఆశా పారితోషికం 2022లో 9,750 రూపాయలు అయింది. 18,000 ఫిక్స్‌డ్ జీతం ఇయ్యాలని 2023 సెప్టెంబరులో సమ్మెకు దిగిండ్రు. డాక్టరు చెయ్యిగా, కన్నుగా, చెవిగా పనిచేయమని వీళ్ళకు చెప్తున్నారు. పాదం నాడి ఎట్లా చూడాలో, దారం పరీక్ష ఎట్లా చేయాలో నేర్పమంటే మాత్రం ఒక్క పూట యాప్ ట్రైనింగు ఇచ్చి పంపిస్తున్నారు.

పక్క రాష్ట్రంలో 2023 ఏప్రిల్‌లో 'ఫ్యామిలీ డాక్టర్' అని మొదలుపెట్టారు. పీహెచ్‌సీ డాక్టరే నెలకు రెండుసార్లు 104 బండితో ఊరికి వచ్చి, మంచం పట్టినవాళ్ళ ఇంటికి పోయి చూడాలని. అది ఎంత బాగా నడిచింది, ఎక్కడ ఆగింది అన్నది వేరే చర్చ. ఆ ఆలోచన మాత్రం సరైనది. డాక్టరు మొదట ఊరికి రావాలె. వచ్చి చూసిపోయిన రోగికి మధ్యలో ఫోను.

మానుకోటలో 2022లో సర్కారు మెడికల్ కాలేజీ వచ్చింది. తొర్రూరు ఇప్పుడు మున్సిపాలిటీ, 2016 నుంచి వరంగల్ కింద కాదు, మహబూబాబాద్ జిల్లా కింద ఉన్నది. జిల్లా దగ్గరికి వచ్చింది గదా, డాక్టరు ఎందుకు దగ్గరికి రాడు? ఆ కాలేజీలో మన పిల్లలు కూడా రిజర్వేషన్‌తో సీటు తెచ్చుకొని చదువుతున్నారు. రేపు వాళ్ళు తెర వెనుక కూర్చుంటారా, వాడకు వస్తారా? వాళ్ళు వస్తామన్నా పోస్టు ఉంటదా?

కార్యకర్తలు ఒకటి గమనించాలి. మన చేతిలో ఆయుధం లేకపోలేదు. ఆ 2020 నియమాలే చదవండి. ఆరోగ్య కార్యకర్త లైను కలిపితే రోగి ఒప్పుకోలును విడిగా అడిగి రాసుకోవాలి. డాక్టరు తన పేరు, అర్హత చెప్పాలి, మందుల చీటీ మీద రిజిస్ట్రేషన్ నంబరు ఉండాలి. తెర మీద తేల్చలేను, నేరుగా చూడాలి అని చెప్పే బాధ్యత డాక్టరు మీద ఉన్నది. ప్రాణాపాయం అయితే ప్రథమ చికిత్స చెప్పి వెంటనే దవాఖానకు పంపాలి. మధ్యలో ఆపేసే హక్కు రోగికి ఉన్నది. మా అమ్మకు ఇందులో ఒక్కటి కూడా ఎవరూ చెప్పలేదు. నాకూ తెలవదు అప్పుడు. తెలిస్తే 'డాక్టరమ్మా, ఇది తెర మీద తేలేది కాదు, పంపించండి' అని అడిగేవాణ్ణి. రెండు వేళ్ళు ఉండేవో లేవో, అడిగేవాణ్ణి.

కనుక మనం ట్యాబు తీసెయ్యమని అడగడం లేదు. పుండు, వాపు, గడ్డ, కడుపు నొప్పి, గర్భిణి, పసిపిల్ల జరం, వీటిని మొదటిసారి మనిషే చూడాలి. తెర మీద చూడాల్సి వచ్చిందంటే ఇన్ని రోజుల్లో నేరుగా ఎక్కడ చూపించాలో చీటీ మీద రాయాలి, పోవడానికి బండి ఇయ్యాలి, అక్కడ పేరు ముందే పోవాలి. రాసిన గోలీ ఆ కేంద్రంలోనే దొరకాలి, దొరకకపోతే ఆ కన్సల్టేషన్‌ను పూర్తి అయినట్టు లెక్క రాయొద్దు. ఆడవాళ్ళకు తలుపు ఉన్న గది కావాలి. కేంద్రం వాడకు దూరమైతే నెలకు రెండు పూటలు ట్యాబుతో నర్సమ్మ వాడకు రావాలి. ఆశాలకు, నర్సమ్మలకు చేతి పరీక్షలు నేర్పాలి, ఈ పనికి విడిగా పైసలియ్యాలి. ట్యాబు పెట్టిన ప్రతి చోటా ఖాళీ పోస్టు ఖాళీగానే చూపించాలి, నింపే తేదీ గోడ మీద రాయాలి.

తొర్రూరు, పెద్దవంగర, నెల్లికుదురు మండలాల్లో మన మిత్రులు ఈ నెల నుంచి ఒక పని పెట్టుకోండి. ఊరికొక నోటు పుస్తకం. ఫోను వైద్యానికి పోయివచ్చిన ప్రతి మనిషి దగ్గర కూర్చొని రాయండి. ఏ బాధతో పోయింది, ఎన్నిసార్లు లైను తెగింది, డాక్టరు పేరు చీటీ మీద ఉన్నదా, గోలీలు అక్కడ దొరికినయా కొన్నరా, ఎంత అయింది, నయమైందా, తర్వాత ఎక్కడికి పోయిండ్రు. మేలు జరిగితే అది కూడా రాయండి, దాచొద్దు. రోగి ఒప్పుకోకపోతే పేరు రాయొద్దు. నిశాని పెట్టే ముసలామె అయినా సరే, మీరు రాసింది చదివి వినిపించి రాయండి. మూడు నెలల పుస్తకాలు జమ చేసి మొదలు తొర్రూరు సర్కారు దవాఖానకు పోదాం, ఆడికెల్లి మానుకోట కలెక్టరాఫీసుకు పోదాం. మా అమ్మ కూడా వస్తనన్నది, చెప్పులు మాత్రం కొత్తయి కుట్టించాలె, కుడి కాలుకు పాతయి ఆనతలేవు.